నలభై అయిదు వర్ణాల మాట: దాని విభాగం, కూర్పు, చరిత్ర

1935వ సంవత్సరం ఫిబ్రవరి 23వ తేదీన, ఆ రోజులలో న్యూయార్కు నగరం నుండి వెలువడుతూ ఉండిన హెరాల్డ్ ట్రిబ్యూన్ దినపత్రికలో ఒక చిన్న వార్త అచ్చయినది. నేషనల్ పజిలర్స్ లీగ్ అనే ప్రహేళికాప్రియుల సంఘం హోటల్ న్యూయార్కర్‌లో తన 103వ అర్ధవార్షిక సమావేశాన్ని ప్రారంభించి, ఇంగ్లీషు భాషలో అన్నిటికంటే పొడుగైన మాటగా ఒక కొత్త మాటను గుర్తించినదని ఆ వార్త సారాంశం. ఈ సంఘం 1883లో పుట్టినది. పొడుపుకథలు, అక్షరచిత్రాలు, తారుమారు మాటలు కల్పించటం, విప్పటం దీని సభ్యుల వ్యాసంగం. అంతవరకు వారి లెక్కలో పెద్దమాట 28 వర్ణాల "ఎలెక్ట్రోఫోటోమైక్రోగ్రాఫికల్లీ". కొత్తమాటకు 45 వర్ణాలు. అది ఇది:

న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కేనోకోనియోసిస్.

అగ్నిపర్వతాల నుండి వెలువడే సిలికా ధూళి, కంటికి అందని అతిసూక్ష్మ కణాల రూపంలో ఊపిరితిత్తులలో చేరటం వల్ల కలిగే వ్యాధి అని దీనికి అర్థం చెప్పారు. సంఘానికి అప్పటి అధ్యక్షుడైన ఎవరెట్ ఎం. స్మిత్ దీనిని కల్పించాడని ప్రసిద్ధి. వైద్యులెవరూ ఈ మాట అడగలేదు. ఏ ఆసుపత్రిలోను రోగి చీటీపైన దీనిని వ్రాయవలసిన అవసరం పడలేదు. పొడుగు కోసమే పుట్టిన పొడుగుమాట ఇది.

ఇట్లాంటి మాటను ఒక వింతగా చూసి వదలివేయటం సులభమే. కాని దీనిని శ్రద్ధగా విడదీసి చూస్తే, ఇంగ్లీషు మాటలు చెవికి ఎట్లా విడిపోతాయో, అర్థానికి ఎట్లా విడిపోతాయో, ఆ రెండు విభజనలు ఎందుకు ఒకటి కావో బోధపడుతుంది. అంతేకాక, మాట లోపల దాగిన ఒక నిజమైన రోగం చరిత్ర కూడ బయటపడుతుంది.

మొదట చెవితో విడదీద్దాము. ఇంగ్లీషులో "సిలబుల్" అనేది తెలుగు ఛందస్సులోని అక్షరానికి దగ్గరిది. ఏ బి సి డి అనే లిపివర్ణానికి కాదు. ఒక అచ్చు, దానిని అంటిపెట్టుకొని ఉన్న హల్లులు కలిసి ఒక అక్షరం. కాబట్టి మాటలో వినిపించే అచ్చులు ఎన్నో అక్షరాలు అన్ని. అమెరికను నిఘంటువుల పద్ధతిలో ఈ మాటను విరిస్తే ఇట్లా వస్తుంది:

న్యూ–మో–నో–అల్–ట్రా–మై–క్రో–స్కోప్–ఇక్–సిల్–ఇ–కో–వోల్–కే–నో–కో–ని–ఓ–సిస్.

మొత్తం 19 అక్షరాలు. వర్ణాలు 45, అక్షరాలు 19 అనే తేడాలోనే ఇంగ్లీషు వ్రాతకు, పలుకుకు ఉన్న దూరం కొంత తెలుస్తుంది. మొట్టమొదటి వర్ణమైన "పి" అసలు పలకనే పలకదు. గ్రీకులు "ప్న్" అనే జంటహల్లుతో మాట మొదలుపెట్టగలరు. జర్మనులు కూడ నేటికీ ఆ "ప"కారాన్ని వినిపిస్తారు. ఇంగ్లీషువారి నాలుక దానికి ఒప్పుకోక, వ్రాతలో ఉంచి పలుకులో వదలివేసింది. తెలుగులో వ్రాసేటప్పుడు చెవికి వినిపించినదే వ్రాస్తాము గనుక ఆ "ప"కారం మనదాకా రానేలేదు. నిమోనియాను పకారంతో ఎందుకు మొదలుపెట్టాలని ఇంగ్లీషు తరగతిలో అడిగే విద్యార్థికి ఇదే సమాధానం.

ఇప్పుడు అదే మాటను తెలుగువారి పద్ధతిలో విరవవచ్చు: న్యూ–మో–నో–అ–ల్ట్రా–మై–క్రో–స్కో–పి–క్సి–లి–కో–వో–ల్కే–నో–కో–ని–యో–సిస్. ఇవీ 19 అక్షరాలే. చివరి పొల్లు "స్" ముందున్న "సి"తోనే లెక్క. సంఖ్య కుదిరినది గాని, కత్తి పడిన చోట్లు వేరు. ఇంగ్లీషువారు "అల్" అని ఆపి "ట్రా" అంటారు; తెలుగు లిపి లకారాన్ని కూడ లాగి "ల్ట్రా" అనే ఒకే ముద్దగా వ్రాస్తుంది. అట్లాగే "వోల్–కే" మనకు "వో–ల్కే" అయినది. అయితే మన లిపికి చెవిలేదని అనుకోరాదు. సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువవుతుందని ఛందశ్శాస్త్రం చెబుతున్నది కద! "అ" అనే హ్రస్వం "ల్ట్రా"కు ముందు ఉండటం వల్ల గురువైనదంటే, ఆ లకారం బరువు పలుకులో "అ" మీదనే పడుతున్నదని లాక్షణికులు గుర్తించారన్నమాట. వ్రాతలో ముందుకు పోయిన హల్లును లెక్కలో వెనక్కు తెచ్చారు. ఇంగ్లీషు నిఘంటుకారుడు గీత గీసి చూపినదానినే తెలుగు లాక్షణికుడు గురులఘువులతో చూపినాడు. ఈ మాటకు గణవిభజన చేయదలచిన విద్యార్థికి, తెలుగు వ్రాత ప్రకారం 16 గురువులు, మూడే మూడు లఘువులు దొరుకుతాయి. ఆ లఘువులు "క్సి", "లి", "ని".

చివర "ని–ఓ" అన్నది తెలుగు కలంలో తనంతట తానే "నియో" అయినది. రెండు అచ్చులు పక్కపక్కన నిలువకుండ మధ్య యకారాన్ని తెచ్చుకొనే యడాగమం మన నోటికి ఎంత అలవాటో ఇక్కడ కనిపిస్తుంది. వ్యాకరణం చదువని వాడు కూడ "కోనిఓసిస్" అని వ్రాయడు.

"సిల్–ఇ–కో" అనే విభాగం తెలుగువారికి వింతగా తోస్తుంది. లకారం తరువాతి ఇకారంతో కలిసి "లి" కావాలి గాని, ముందుదానికి ఎందుకు అంటుకొన్నది? దీనికి వెనుక ఒక చిన్న చరిత్ర ఉన్నది. 18వ శతాబ్దంలో ఇంగ్లీషు పిల్లలు ఎక్కువగా చదివినది థామస్ డిల్వర్త్ 1740లో ప్రకటించిన పాఠపుస్తకం. అందులో మాటలను లాటిను వ్యాకరణం పద్ధతిలో, హల్లును వీలైనంతవరకు తరువాతి అచ్చుకు చేర్చి విడదీసేవారు. "హ్యాబిట్" అనే మాట "హ–బిట్" అయ్యేది. "క్లస్టర్" అనే మాట "క్ల–స్టర్" అయ్యేది. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ అనే బడిపంతులు 1783లో తన వర్ణక్రమ పుస్తకాన్ని వెలువరిస్తూ ఈ పద్ధతిని కాదన్నాడు. "హ" దగ్గర ఆపితే పిల్లవాడు దానిని దీర్ఘంగా పలికే ప్రమాదం ఉన్నది. "హ్యాబ్–ఇట్" అని విరిస్తే మొదటి అచ్చు కురుచదని వెంటనే తెలుస్తుంది అని అతని వాదం. "క్లస్–టర్" కూడ అట్లాగే. ఇంగ్లీషు వ్రాతలో హ్రస్వదీర్ఘాలకు వేరు గుర్తులు లేవు. ఆ లోటును విభాగంతో పూరించటమే అతడు చేసిన పని. అచ్చుకు హ్రస్వదీర్ఘ భేదం గుణింతంలోనే ఉన్న మనకు ఈ ఇబ్బంది తెలియదు. "సిల్" అని ఆపటం కూడ మొదటి ఇకారం కురుచదని చెప్పటానికే.

ఆ నీలిఅట్ట పుస్తకం లక్షలాదిగా అమ్ముడుపోయినది. వెబ్‌స్టర్ 1843లో మరణించిన తరువాత అతని నిఘంటువు హక్కులు మెరియమ్ సోదరుల చేతికి వచ్చినవి. అందుచేత అమెరికను విభాగపద్ధతి ఉచ్చారణను అనుసరించేదిగానే స్థిరపడినది. ఇంగ్లండులో అచ్చుపనివారు చాలకాలం మాట పుట్టుకకే ఎక్కువ విలువ ఇచ్చారు. "నాలెడ్జి" అనే మాటను పంక్తి చివర విరవవలసివస్తే, అమెరికావారు పలుకును బట్టి లకారం తరువాత గీత పెడతారు. ఇంగ్లండువారు "తెలియు" అనే అర్థమిచ్చే మొదటి భాగం చెడకుండ దాని తరువాత పెడతారు. ఒకరిది చెవి న్యాయం, మరొకరిది అర్థ న్యాయం. ఈ తగవును యంత్రానికి నేర్పటానికి 1983లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్లిన్ లియాంగ్ ఒక పరిశోధన వ్యాసమే వ్రాయవలసివచ్చినది. అతడు తయారుచేసిన 4,447 వర్ణక్రమ నమూనాలతో కంప్యూటరు నిఘంటువులోని విరుపులలో నూటికి 89 పట్టుకోగలిగినది.

ఇక అర్థంతో విడదీసే పని. ఇక్కడ కత్తి మరొక చోట పడుతుంది.

"న్యూమోన్" గ్రీకుమాట, ఊపిరితిత్తి. శ్వాసించటం అనే అర్థమున్న ధాతువుతో గ్రీకులు దీనిని ముడిపెట్టారు. తెలుగులో ఊపిరి, తిత్తి అనే రెండు మాటలు కలిసి అదే అవయవానికి పేరైనవి. కొలిమితిత్తి చూసినవారికి ఆ పేరులో ఎంత పరిశీలన ఉన్నదో చెప్పనక్కరలేదు. "అల్ట్రా" లాటిను, ఆవల, మించిన అని అర్థం. "మైక్రో" గ్రీకు, చిన్నది. "స్కోప్" కూడ గ్రీకే, చూడటం. "ఇక్" విశేషణ ప్రత్యయం. "సిలికో" లాటినులోని "సిలెక్స్" నుండి వచ్చినది. చెకుముకిరాయి అని అర్థం. "వోల్కేనో" రోమనుల అగ్నిదేవుడైన వల్కన్ పేరు. సిసిలీ ద్వీపం దగ్గర ఉన్న వల్కానో అనే చిన్న దీవి మీదుగా ఇటాలియను భాషలోకి, అక్కడి నుండి ఇంగ్లీషులోకి వచ్చినది. "కోనిస్" గ్రీకులో దుమ్ము. "ఓసిస్" అనే ప్రత్యయం ఒక స్థితిని, వైద్యంలో తరచు రోగస్థితిని తెలుపుతుంది.

గ్రీకు, లాటిను మాటలను ఒకే సమాసంలో ఇట్లా కలపటం పూర్వకాలపు పండితులకు నచ్చేది కాదు. సంస్కృత పదాన్ని అచ్చతెలుగు పదంతో సమాసం చేస్తే మన వ్యాకర్తలు వైరిసమాసం అన్నారు కద; ఆ తగవే అక్కడా ఉన్నది. "టెలివిజన్" కూడ అట్లాంటి మిశ్రమమే. అందులో మొదటి సగం గ్రీకు, రెండవది లాటిను. లోకం పండితుల మాట వినలేదు.

ఈ ముక్కలు అతుకు పడే చోట ఎక్కువగా "ఓ" వినిపిస్తుంది: మోనో, మైక్రో, సిలికో. గ్రీకు సమాసాలలో రెండు పదాలను కలిపే అచ్చు అది. లాటినులో ఆ పని తరచు ఇకారం చేస్తుంది. "సిలికో" అన్నప్పుడు లాటిను మాటకు గ్రీకు జిగురు పూసినట్లయినది. ఈ అతుకు అచ్చు వల్లనే చెవి విభాగానికీ అర్థ విభాగానికీ పొత్తు కుదరదు. అర్థాన్ని బట్టి "న్యూమోన్" దగ్గర ఆగాలి. చెవికి ఆ నకారం తరువాతి ఓకారంతో కలిసి "నో" అయిపోయినది. "కోని", "ఓసిస్" అనే చోట కూడ ఇంతే. అర్థాన్ని బట్టి రెండు ముక్కలు, చెవికి నాలుగు. ఇది పరభాష వింత ఏమీ కాదు. "సూర్యోదయం" అనే మాటలో సూర్య, ఉదయం అనే రెండు పదాల సరిహద్దు "ర్యో" అనే ఒకే అక్షరం నడుమ ఉన్నది. అక్షరాలుగా విడగొట్టినవాడికి ఆ సరిహద్దు ఎప్పటికీ దొరకదు. సంధి విడగొట్టినవాడికే దొరుకుతుంది.

పొడుగుమాటలన్నీ ఒకే తీరుగా పెరగవు. బడిపిల్లలు చెప్పుకొనే మరొక పెద్దమాట, 28 వర్ణాల "యాంటీడిస్ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం". క్రైస్తవ మతసంస్థకు ప్రభుత్వపు గుర్తింపు తీసివేయరాదనే వాదానికి 19వ శతాబ్దపు ఇంగ్లండులో పుట్టిన పేరు ఇది. ఇందులో "ఎస్టాబ్లిష్" అనే ఒక్క మాటకు ముందూ వెనుకా ఉపసర్గలు, ప్రత్యయాలు ఉల్లిపొరల వలె చేరినవి. మొదట స్థాపించుట, దానిని రద్దుచేయుట, ఆ రద్దు, ఆ రద్దును కోరేవాడు, అతని వాదం, చివరకు ఆ వాదానికి ఎదురువాదం. ఒక్కొక్క పొర దగ్గర ఆగినా ఒక మాట ఉంటుంది. 45 వర్ణాల మాట ఇట్లా పెరగలేదు. దానిలోని అతుకులను పరీక్షిస్తే, మధ్యలో ఒక పాతమాటను చీల్చి, ఆ చీలికలో కొత్త సామాను కూరినట్లు తెలుస్తుంది. మొదటి ముక్క "న్యూమోనో", చివరి ముక్క "కోనియోసిస్". ఈ రెంటినీ దగ్గరకు చేరిస్తే "న్యూమోనోకోనియోసిస్". ఇది ఎవరూ సరదాకు కల్పించినది కాదు. జర్మనీలో వైద్యశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ ఆల్బర్ట్ జెంకర్ 1866–67 ప్రాంతంలో వైద్యానికి ఇచ్చిన పేరు.

జెంకర్ పరీక్షించిన శవాలలో ఒకటి ఒక యువతిది. ఆమె కర్మాగారంలో ఎర్రని ఇనుప ఆక్సైడు పొడితో పనిచేసినది. ఆమె ఊపిరితిత్తులు ఇటుకరంగులో ఉన్నవి. పీల్చిన దుమ్ము రక్తంతోనో కఫంతోనో బయటికి పోతుందని నమ్మినవారికి ఇది కళ్ళు తెరిపించిన నిదర్శనం. దుమ్ము లోపలనే నిలిచిపోయి రోగమవుతున్నది. ఆ రోగాలన్నిటికీ కలిపి ఒక పేరు కావలసివచ్చినది. "ఊపిరితిత్తి", "దుమ్ము", "రోగస్థితి" అనే మూడు గ్రీకు ముక్కలు చేర్చి అతడు ఆ పేరు కట్టినాడు. 1870లో ఇటలీ వైద్యుడు విస్కాంతి, రాతిదుమ్ము వల్ల వచ్చేదానిని ప్రత్యేకించి "సిలికోసిస్" అన్నాడు. 1874లో ఫ్రాన్సులో ఆడ్రియన్ ప్రూస్ట్ జెంకరు మాటను "న్యూమోకోనియోసిస్" అని కుదించాడు. ఈ ప్రూస్ట్ కుమారుడే అతిదీర్ఘ వాక్యాలకు పేరుపొందిన నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్. తండ్రి మాత్రం మాటలను తగ్గించాడు.

పేరు కొత్తదైనా రోగం చాల పాతది. 1556లో అచ్చయిన గనుల గ్రంథంలో అగ్రికోలా, కార్పేథియను కొండల గనులలో దుమ్ము పురుషుల ఊపిరితిత్తులను తినివేయటం వల్ల కొందరు స్త్రీలు ఒకరి తరువాత ఒకరుగా ఏడుగురు భర్తలను పెండ్లాడవలసివచ్చినదని వ్రాసినాడు. అయితే 19వ శతాబ్దం చివర సంపీడిత వాయువుతో నడిచే బెజ్జపు యంత్రాలు వచ్చిన తరువాత ఈ రోగం విజృంభించినది. సుత్తి, శానంతో రోజంతా లేపే దుమ్మును యంత్రం కొద్ది నిమిషాలలో లేపుతుంది. రంధ్రంలోకి నీరు పంపుతూ తొలిచే యంత్రాన్ని అమెరికాలో లేనర్ అనే అతడు 1890ల చివరనే తయారుచేశాడు. కాని నీరు పట్టితే పని నెమ్మదిస్తుందని చాలచోట్ల పొడిగానే తొలిచేవారు. దక్షిణాఫ్రికా బంగారు గనులలో పరిస్థితి ఎంత విషమించినదంటే, 1930లో జోహన్నెస్‌బర్గులో ఈ ఒక్క రోగం కోసమే అంతర్జాతీయ సమావేశం జరిగినది. 1934లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన ఒడంబడికలో సిలికోసిస్‌ను నష్టపరిహారం ఇవ్వవలసిన వృత్తివ్యాధులలో చేర్చినది.

సరిగా ఈ రోజులలోనే అమెరికాలో ఒక ఘోరం జరిగినది. పశ్చిమ వర్జీనియాలోని గాలీ బ్రిడ్జి దగ్గర, విద్యుదుత్పత్తి కోసం న్యూ నది నీటిని మళ్ళించటానికి హాక్స్ నెస్ట్ అనే చోట కొండలో ఇంచుమించు మూడు మైళ్ళ సొరంగం తవ్వారు. 1930లో పని మొదలయినది. తవ్విన రాయిలో కొన్నిచోట్ల నూటికి తొంభై పాళ్ళకు పైగా సిలికా. ఆర్థిక మాంద్యపు రోజులు; పని దొరకటమే గగనం. దక్షిణ రాష్ట్రాల నుండి వచ్చిన నల్లజాతి కూలీలే లోపలి పనివారిలో అధికం. పొడిగా తొలిచారు. లోపల దుమ్ము మంచువలె కమ్మి ఎదుటి మనిషి కనిపించేవాడు కాదని, కూలీలకు ముఖతొడుగులు ఇవ్వలేదని తరువాత సాక్ష్యాలు వచ్చినవి. మామూలుగా ఏండ్లు గడిస్తే గాని బయటపడని రోగం ఇక్కడ నెలలలోనే మనుషులను పడగొట్టినది. ఇప్పుడు అక్కడ ఉన్న స్మారక ఫలకం మీద 109 మరణాలని ఉన్నది. 1986లో మార్టిన్ చెర్నియాక్ అనే వైద్యుడు లెక్కలు తిరగవేసి కనీసం 764 అని అంచనా కట్టినాడు.

1933లో ఈ విషయమై న్యాయస్థానంలో వ్యాజ్యాలు నడిచినవి. 1936 జనవరి, ఫిబ్రవరి నెలలలో అమెరికా కాంగ్రెసు ఉపసంఘం సాక్షులను విచారించినది. ఆ ఏప్రిలులో కార్మికశాఖ కార్యదర్శి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ సిలికోసిస్‌పై జాతీయ సమావేశం పిలిచినది. ఈ రెంటికీ నడుమ, 1935 ఫిబ్రవరిలో, న్యూయార్కు హోటలులో పొడుగుమాట పుట్టినది. ప్రహేళికాకారుడు ఒక రోగం పేరునే, అందులోను సిలికా రోగం పేరునే ఎన్నుకోవటం ఏదో గాలివాటు అనుకోనక్కరలేదు. ఆ మాట ఆనాటి గాలిలోనే ఉన్నది. అతనికి హాక్స్ నెస్టు కూలీలు తలపులో ఉన్నారని చెప్పటానికి మాత్రం ఆధారం లేదు.

మాట కూర్పును ఇప్పుడు శాస్త్రం దగ్గర పెట్టి చూస్తే మరొక సంగతి తేలుతుంది. ముక్కు, గొంతు పెద్ద ధూళికణాలను ఆపివేస్తాయి. తలవెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రానులు అనుకొంటే, 10 మైక్రానులు మించిన కణాలు చాలవరకు పైననే చిక్కుకొంటాయి. 5 మైక్రానులకు లోపలివే ఊపిరితిత్తులలోని గాలిగదులను చేరతాయి. అక్కడ కాపలా ఉన్న భక్షకకణాలు వాటిని మింగుతాయి. బొగ్గుపొడిని మింగి చాలకాలం బ్రతికే ఆ కణం, స్ఫటిక రూపంలో ఉన్న సిలికాను మింగితే చచ్చిపోతుంది. చచ్చిన కణం నుండి బయటపడిన సిలికాను మరొక కణం మింగుతుంది. ఈ వరుసలో అక్కడి మెత్తని పొర మచ్చలు కట్టి గట్టిపడి, చిన్న చిన్న గంట్లుగా మారుతుంది. గాలితిత్తి సాగదు. దుమ్ములో పని మానినా లోపలి పని ఆగదు. క్షయరోగం సులభంగా పట్టుకొంటుంది. ఈ గట్టిపడిన భాగాన్ని మళ్ళీ మెత్తబరచే మందు లేదు.

ఈ కణాలు నిజంగా "అల్ట్రామైక్రోస్కోపిక్" అవునా? మామూలు సూక్ష్మదర్శినితో మైక్రానులో అయిదవ వంతు దాకా విడిగా చూడవచ్చు. దానికీ అందని కణాలను చీకటి నేపథ్యంలో మెరుపుచుక్కలుగా చూపే అల్ట్రామైక్రోస్కోపును జిగ్మాండీ, సీడెన్‌టాఫ్ అనే శాస్త్రజ్ఞులు 1903 ప్రాంతంలో నిర్మించారు. జిగ్మాండీకి 1925 సంవత్సరపు రసాయన నోబెల్ బహుమతి వచ్చినది. ఆనాటికి అదొక కొత్త మెరుపుమాట. సిలికోసిస్ తెచ్చే కణాలలో ఎక్కువభాగం మామూలు సూక్ష్మదర్శినికే కనిపిస్తాయి. కాబట్టి ఈ ముక్క అతిశయోక్తి. "వోల్కేనో" సంగతి ఇంకా బలహీనం. అగ్నిపర్వతపు బూడిదలో స్ఫటిక సిలికా ఉండటం నిజమే. 1980లో అమెరికాలో సెయింట్ హెలెన్స్ పర్వతం పేలినప్పుడు ఆ బూడిదను ఈ దృష్టితోనే పరీక్షించారు. కాని రోగం గుంపులుగుంపులుగా వచ్చినది అగ్నిపర్వతాల నీడలో కాదు. గనులలో, సొరంగాలలో, రాతిపని చోట్ల, ఇసుకను ఎగజిమ్మి లోహాన్ని శుభ్రపరచే కొట్టాలలో. దుమ్మును లేపినది ప్రకృతి కాదు, మనిషి నడిపిన యంత్రం.

ఈ రెండు ముక్కలనూ తీసివేస్తే 19 అక్షరాలలో తొమ్మిది పోయి పది మిగులుతాయి. "న్యూమోనో", "సిలికో", "కోనియోసిస్". వైద్యులు అంతమాత్రం కూడ ఉంచుకోలేదు. "సిల్–ఇ–కో–సిస్" అనే నాలుగు అక్షరాలతో వారి పని జరుగుతున్నది.

భారతదేశంలో ఈ రోగం లెక్కలకు ఎక్కినది కోలారు బంగారు గనులలో. అక్కడ బంగారం చెకుముకి జాతిదైన పలుగురాతి చాళ్ళలో ఉండేది. చిత్తూరు వైపు నుండి పోయిన తెలుగువారు, తమిళులు తరతరాలుగా ఆ సొరంగాలలో పనిచేశారు. 1940వ దశకంలో అక్కడి వైద్యులు వేలమంది పనివారిని పరీక్షించగా, నూటికి నలభైకి పైగా సిలికోసిస్ గుర్తులు కనిపించినవి. ఆ గనులను 2001లో మూసివేశారు. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ ప్రాంతంలో స్లేటు పెన్సిళ్ళు కోసే పనివారిలో ఇదే రోగం వయసులో ఉన్నవారినే పట్టినట్లు 1980లలో ప్రకటించిన పరిశోధనలు తెలిపినవి. అక్షరాలు దిద్దించే పుల్లను రాతినుండి కోసినవారే ఆ దుమ్ము పీల్చారు. ఇటీవల కృత్రిమ రాతిపలకలు కోసే పనివారిలో రోగం మళ్ళీ తలయెత్తగా, ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుండి ఆ పలకల వాడుకనే నిషేధించినది.

పొడుగుమాట సంగతికి వస్తే, అది తాను కోరిన చోటికి చేరుకొన్నది. కొద్ది సంవత్సరాలలోనే వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువు అనుబంధంలోకి, 1961లో వెలువడిన మూడవ కూర్పులో అసలు భాగంలోకి ఎక్కినది. దానిలో మరొక వర్ణక్రమం కూడ ఇచ్చారు. చివరి ముక్క మొదట "సి" బదులు గ్రీకును అనుసరించి "కె" వ్రాయవచ్చునట. తెలుగులో రెంటికీ ఒకే కకారం గనుక ఈ సందేహం మనకు లేదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువారు దీనిని చేర్చుకొంటూనే, ఇది కల్పితమైన మాట, ముఖ్యంగా చాల పొడుగైన మాటకు ఉదాహరణగానే కనిపిస్తుంది అని తెలియజేశారు. ఉపాధ్యాయులకు మాత్రం ఇది నిఘంటువు కంటె ఎక్కువగా ఉపకరిస్తుంది. ఇందులోని ముక్కలు తెలిసిన విద్యార్థి నిమోనియా, మైక్రోస్కోపు, సిలికాను, అల్ట్రావయొలెట్ వంటి మాటలను చూడగానే విప్పగలడు. మొదటి మాటలో పలకని "పి"ని మరచిపోడు.

మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడవ అనుబంధంలో, వైద్యుడు కనుగొన్న వెంటనే ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధుల పట్టికను ఇచ్చారు. అందులో ఈ రోగం నాలుగక్షరాల పేరుతోనే ఉన్నది.